ఒక్క దెబ్బ కొట్టని గరిటె

రాజలింగుకు ఉన్నది ఒకటే గుణం. ఎదురుపడ్డ మనిషికి సూపు తాగించకుండా వదలడు. మనిషన్నాక ఇంకో నాలుగు గుణాలు కూడా ఉండే ఉండాలి. కాని ఈ ఒక్కదాని ముందు నిలవలేక అవి ఎప్పుడో గల్లీ విడిచి వెళ్లిపోయాయి.

ఆ గల్లీ గోదావరి ఒడ్డున, బొగ్గుబాయిల మధ్య, కంపెనీ క్వార్టర్ల వెనక ఉంది. బాయిపని వాళ్లు సొంతంగా కట్టుకున్న ఇళ్ల వరసల్లో మూడోది కాబట్టి దాన్ని మూడో గల్లీ అంటారు. లోకంలో మనుషులు ఎదురుపడితే కొందరు నమస్తే అంటారు, కొందరు రాం రాం అంటారు, కొందరు ఏమీ అనకుండా ఫోను చూసుకుంటారు. మూడో గల్లీలో రాజలింగు ఎదురుపడితే మాత్రం వినిపించే మాట ఒకటే.

"సూపు తాగినవా?"

తాగిన అంటే, "అయితే ఇంకింత తాగు" అంటాడు. తాగలే అంటే, "అందుకే నీ మొఖం గట్లున్నది" అంటాడు. ఈ రెండు జవాబుల మధ్య తప్పించుకునే సందు కోసం గల్లీ చాలాకాలం వెతికింది. దొరకలేదు.

సాయంత్రం మొదటి షిఫ్టు వాళ్లు ఇళ్లకు చేరి, ఒంటి మీది బొగ్గు కడుక్కుని గడపల్లో కూర్చునే వేళకు రాజలింగు బయలుదేరతాడు. ఎడమ చేతిలో మూతపెట్టిన పాల క్యాను, కుడి చేతిలో గరిటె. రిటైరు కాకముందు ఆయన బాయిలో బొగ్గుతొట్లను తాడుతో లాగే యంత్రం నడిపేవాడు. లోపలి నుంచి గంట ఎన్నిసార్లు మోగిందో విని తొట్లను కదపాలి, ఆపాలి. ఆ అలవాటు పోక, ఇప్పుడు గరిటెతో క్యాను మీద దెబ్బలు కొడుతూ వస్తాడు. రెండు దెబ్బలంటే ఆకుకూర సూపు. మూడంటే కాయగూర. నాలుగంటే బీట్‌రూట్. నాలుగో దెబ్బ పడేలోగా తెల్ల చొక్కాల వాళ్లు ఇళ్లలోకి పోయి గొళ్లెం పెట్టుకుంటారు.

ఒక్క దెబ్బ మాత్రం ఆయన ఎన్నడూ కొట్టలేదు. బాయిలో ఒక్క గంటకు అర్థం "ఆపు" అని. సూపు విషయంలో ఆ మాటతో ఆయనకు పని పడలేదు.

ఈ సూపు మూడో గల్లీలోకి ఎట్లా వచ్చిందో చెప్పే చరిత్ర ఒకటి గల్లీకి కంఠతా వచ్చు. రాజలింగు రిటైరైన రోజు కరీంనగర్‌లో ఉండే కూతురు సృజన తల్లిదండ్రులను ఒక పెద్ద హోటల్‌కు తీసుకుపోయింది. అందరికంటే ముందు సూపు వచ్చింది. రాజలింగు చేతులు కడుక్కుని వచ్చి, కప్పు ముందు కదలకుండా కూర్చున్నాడు.

"తాగు బాపు, చల్లగైతది" అంది సృజన.

"అన్నం రానియ్యి బిడ్డా."

"అన్నం రాదు. గిది ఉత్తగనే తాగాలె."

"ఉత్తగనా? చారు ఉత్తగ తాగుడు జరమొచ్చినోళ్ల పని గద!"

రెండు చెంచాలు నోట్లో పోసుకుని, హోటల్ మేనేజరును పిలిపించి, "సారూ, గిండ్ల కూరగాయ ఏది? ఇది మక్కపిండి గంజి. ఇంతకన్న మంచిగ నేను ఇంట్ల చేస్త" అని సవాలు విసిరి వచ్చాడట. ఆ మేనేజరు సవాలు స్వీకరించాడో లేదో తెలియదు. ఫలితం మాత్రం మూడో గల్లీ అనుభవించింది. మర్నాడే పొయ్యి మీద పెద్ద గంజు ఎక్కింది. ఉల్లిగడ్డలు, ఎల్లిపాయలు, చేతికందిన కూరగాయ వేసి మెత్తగా ఉడకనివ్వడం, పప్పుగుత్తితో మెదపడం, జీలకర్ర, మిరియాల పొడి, చిటికెడు ఉప్పు, పైన కోతిమీర. పిండి వేస్తే పాపం. వడకడితే మహాపాపం.

నిజం చెప్పాలంటే సూపు బాగుండేది. గల్లీకి పేచీ రుచితో కాదు, తప్పించుకునే వీలు లేకపోవడంతో. జలుబుకు సూపు, దగ్గుకు సూపు అంటే ఎవరైనా ఊరుకుంటారు. కరెంటు పోతే సూపు, అల్లుడు అలిగితే సూపు, పరీక్ష తప్పితే క్యారెట్ సూపు, పాసైతే ఇంకింత క్యారెట్ సూపు అంటే ఎట్లా? ఒక్క ఐలవ్వ మాత్రం మొదటి రోజు నుంచే ఆయన పక్షం. ఆమెకు నోట్లో పన్ను లేదు. "నా పండ్లు ఊడినంక గింత మంచి రోజులు వస్తయని తెలిస్తే ఎప్పుడో ఊడగొట్టుకుందును కొడుకా" అనేది.

పూర్తిగా ప్రతిపక్షం సక్కుబాయి. ఆమె ఆదిలాబాద్ అవతలి మరాఠీ ఊరి నుంచి కోడలుగా వచ్చి, గల్లీ మొదట్లో మటన్ దుకాణం నడిపిస్తోంది. ఐతారం పొద్దున దుకాణం ముందు వరస కట్టిన జనానికి రాజలింగు క్యానుతో సూపు పోస్తూ పోయాడు.

"అరే భావూ! నా గిరాకీ కడుపు నింపుతున్నవా? కడుపు నిండినోడు కిలో కొంటడా, పావు కొంటడా?"

"పావే కొంటడు వదినా. పావు తిన్నోడు మళ్ల ఐతారం గూడ వస్తడు. కిలో తిన్నోడు దవాఖానకు పోతడు. నేను నీ గిరాకీని బతికిస్తున్న."

సక్కుబాయి కత్తి పట్టుకుని కాసేపు ఆలోచించింది. కత్తి పక్కన పెట్టి తానూ ఒక గిన్నె తాగింది. "నువ్వు తాగవా భావూ?" అంటే, "వండెటోడు అందరైనంక తాగాలె" అన్నాడు రాజలింగు. అందరయ్యేసరికి క్యాను ఖాళీ. తనకు మాత్రం అరకిలో మటన్ కట్టించుకుని వెళ్లిపోయాడు.

తిరస్కరించే దారి ఎందుకు లేదంటే, దానికి కారణం రాజలింగు తన ఇంటి నుంచి సూపు పోసి పంపే గిన్నె. ఈ దిక్కు ఒక ఇంటి నుంచి వచ్చిన గిన్నెను ఉత్తగా తిప్పి పంపరు. నాలుగు టమాటాలో, గుప్పెడు పుంటికూరో, ఏమీ లేకుంటే ఒక్క పచ్చిమిరపకాయో వేసి ఇవ్వాలి. ఉత్త గిన్నె చేతిలో పెట్టడమంటే ఇక మా గడప తొక్కకు అని చెప్పడమే. అంత మాట ఎవరూ అనలేరు. కాబట్టి అందరి గిన్నెల్లోనూ ఏదో ఒకటి పడేది. పడ్డదల్లా మర్నాటి గంజులోకి పోయేది. గల్లీ తన కూరగాయలతో తానే శిక్ష అనుభవిస్తోందన్న సంగతి గల్లీకి అర్థమయ్యేసరికి శిక్ష అలవాటైపోయింది.

ఇంతమందిలో సూపు వల్ల నిజంగా ప్రాణం మీదికి వచ్చినవాడు ఒక్కడే. రాజలింగు పక్కింటి మల్లన్న.

మల్లన్న గోస అర్థం కావాలంటే బాయిపని వాళ్ల ఆశ ఒకటి తెలియాలి. పనిచేసే మనిషి జబ్బుతో ఇక బాయి దిగలేడని మెడికల్ బోర్డు తేలిస్తే, అతని స్థానంలో కొడుక్కి నౌకరి వస్తుంది. దాన్నే అన్‌ఫిట్ కావడం అంటారు. ఇతర ఊళ్లలో తండ్రులు కొడుకులకు పొలాలు, ప్లాట్లు ఇస్తారు. మల్లన్న దగ్గర ఉన్నవి చక్కెర జబ్బు, బీపీ, రెండు మోకాళ్లు. రిటైరు కావడానికి ఇంకా కొన్నేళ్లున్నాయి. ఈలోగా వీటిని జాగ్రత్తగా పెంచి, పెద్దచేసి, బోర్డు ముందు పెట్టి, కొడుకు రాకేశ్‌కు నౌకరి ఇప్పించాలని ఆయన పట్టుదల. రాకేశ్ పెద్దపల్లిలో ఫ్రిజ్‌లు, ఏసీలు బాగుచేసే దుకాణం పెట్టుకున్నాడు. అది నౌకరి వచ్చేదాకా పొద్దుపోవడానికి చేసే పని అని మల్లన్న నమ్మకం.

రాజలింగు రిటైరయ్యే ముందు నెలలో ఒకసారి ఇద్దరూ షిఫ్టు ముగించి బాయి నుంచి పైకి నడిచి వస్తుంటే మల్లన్నకు కళ్లు తిరిగాయి. పక్కన రాజలింగు ఉన్నాడు గనక ఆయన భుజం మీద పడ్డాడు, లేకుంటే రాళ్ల మీద పడేవాడు. దవాఖానలో చక్కెర బాగా పెరిగిందని చెబితే మల్లన్న దాన్ని శుభశకునంగా తీసుకున్నాడు.

ఆ రోజు నుంచి చక్కెరను కంటికి రెప్పలా కాపాడుకుంటూ వచ్చాడు. నడక మానేశాడు. చాయ్‌లో చక్కెర రెండింతలు చేశాడు. గోలీల దగ్గర మాత్రం ఆయన ఆటలు సాగలేదు. భార్య వనజ ఎదురుగా నిలబడి మింగించి, నోరు తెరిపించి చూసేది. పోనీ, గోలీలు ఒక వైపు లాగితే జిలేబీలు ఇంకో వైపు లాగుతాయిలే అనుకున్నాడు. చౌరస్తా హోటల్లో ఒక మూల బల్ల చూసుకున్నాడు.

మొదటి రోజు జిలేబీ నోటి దాకా వెళ్లిందో లేదో, క్యాను మీద మూడు దెబ్బలు వినబడ్డాయి.

"జిలేబీ తింటున్నవా తమ్మీ?" అంటూ రాజలింగు ఎదురుగా కూర్చున్నాడు.

"ఒక్కటే అన్నా."

"తిను తిను, నేను వద్దంటనా? ముందుగాల ఇంత సొరకాయ సూపు తాగు. ఉత్త కడుపున తీపి తింటే మండుతది."

మల్లన్న తాగాడు. రాజలింగు ఇంకో గ్లాసు పోశాడు. బాయి ముచ్చట ఒకటి ఎత్తుకుని, అది ముగిసేలోగా మూడోది పోశాడు. కడుపు గుమ్మడికాయలా నిండాక మల్లన్న జిలేబీ వంక చూశాడు. జిలేబీ మల్లన్న వంక చూసింది. ఇద్దరికీ ఒకరంటే ఒకరికి ఇష్టం పోయింది.

ఇంట్లో ఇంకో ఉపాయం పన్నాడు. సూపు గిన్నె రాగానే వనజ చూడకుండా గోడ పక్కనున్న బీరతీగ మొదట్లో పోసేవాడు. నెల తిరిగేసరికి ఆ తీగ గోడెక్కి, రేకులెక్కి, కరెంటు తీగను అందుకునే దాకా పోయింది. మోచేతంత బీరకాయలు కాసింది. వనజ సంబరపడి రోజూ గిన్నెలో రెండు బీరకాయలు వేసి రాజలింగుకు తిప్పి పంపేది. మర్నాడు అవే సూపై వచ్చేవి.

"నీ బీరకాయలే తమ్మీ, ఎంత తియ్యగున్నయో!" అనేవాడు రాజలింగు.

తాను పారబోసిన సూపును తానే తాగాల్సి వచ్చే మనిషి మనసు ఎట్లా ఉంటుందో మల్లన్నను అడగాలి. పైగా తీగకు పోసేది సగమేనని ఆయనకు తెలియదు. మిగతా సగం వనజ ముందే తీసి, పప్పులోనో పులుసులోనో రొట్టెల పిండిలోనో కలిపేసేది. "ఇయ్యాల పప్పు మస్తుగున్నది" అని మల్లన్న రెండోసారి వేయించుకునేవాడు.

ఇట్లా ఏడాది దాటింది. చివరికి బోర్డు నుంచి పిలుపు వచ్చింది.

మల్లన్న ఆ రోజు పొద్దున్నే స్నానం చేసి, ధర్మపురి నర్సింహస్వామి పటానికి దండం పెట్టుకున్నాడు. "సామీ, నాకు మంచి రోగం ఉండేటట్టు చూడు" అన్నాడు. అటువంటి మొక్కు స్వామికి కొత్త కాదు. ఆ దిక్కు తండ్రులు చాలామంది అదే మొక్కుకుంటారు. మెట్లు దిగేటప్పుడే కొంచెం కుంటడం మొదలుపెట్టి, బస్సెక్కి కంపెనీ పెద్ద దవాఖానకు పోయాడు.

రక్తం తీశారు, బీపీ చూశారు, మోకాళ్లు వంచారు. డాక్టరమ్మ కాగితాలు చదివి నవ్వు మొఖంతో తలెత్తింది. ఆ నవ్వు మల్లన్నకు నచ్చలేదు.

"చక్కెర మంచి కంట్రోల్‌ల ఉన్నది. బీపీ మంచిగున్నది. మోకాళ్లు మీ వయసుకు తగ్గట్టే ఉన్నయ్. మీరు ఫిట్."

"జర సరిగ్గ చూడున్రి మేడం."

"సరిగ్గనే చూసినం. పోయినసారి రిపోర్టుకు, దీనికి పోలికనే లేదు. ఏం తింటున్నరు?"

మల్లన్న తల దించుకున్నాడు. దొంగసొత్తు ఎక్కడ దాచాడో ఒప్పుకునే గొంతుతో, "కూరగాయలు" అన్నాడు.

డాక్టరమ్మ ఆనందం పట్టలేక ఆయనను చెయ్యి పట్టుకుని బయటి వరండాలోకి తీసుకువచ్చింది. అక్కడ అదే ఆశతో వచ్చిన ఇరవై మంది కూర్చుని ఉన్నారు. "చూడున్రి ఈయనను! కూరగాయలు తిని జబ్బును గుంజి అవతల పారేసిండు. మీరు గూడ గిట్ల కావాలె!" అని లోపలికి పోయింది.

వరండా మల్లన్నను కళ్లార్పకుండా చూసింది. ఒక పెద్దమనిషి లేచి వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు.

"ఎవలు చేసిన్రన్నా నీకు గిట్ల?"

"పక్కింటోడు" అన్నాడు మల్లన్న, కళ్లు తుడుచుకుంటూ.

బస్సులో వచ్చినంతసేపూ ఆయన తిట్లు కూర్చుకున్నాడు. దిగేసరికి అవి ఒక పద్ధతిగా వరసకు వచ్చాయి. ఇంట్లోకి పోయి, వనజ బీరకాయలు వేసి సిద్ధంగా ఉంచిన రాజలింగు గిన్నె అందుకున్నాడు. బీరకాయలను బల్ల మీద కుమ్మరించాడు. ఉత్త గిన్నె పట్టుకుని బయటికి నడిచాడు.

గల్లీ చూసింది. గడపల్లో మాటలు ఆగిపోయాయి. సక్కుబాయి దుకాణం వదిలి వచ్చేసింది. ఐలవ్వ కట్టె ఆనించుకుని లేచింది. వనజ చేతికందిన పచ్చిమిరపకాయ పట్టుకుని మొగుడి వెంట ఉరికింది.

"ఓ రాకేశ్ బాపు! ఉత్త గిన్నె! నీ కాల్మొక్త, గీ ఒక్క మిరపకాయన్న ఎయ్యి!"

మల్లన్న వినలేదు. రాజలింగు అప్పుడే క్యానుకు మూత పెడుతున్నాడు.

"పట్టు అన్నా నీ గిన్నె."

రాజలింగు గిన్నెలోకి చూశాడు. మెల్లగా తల ఎత్తి, "పాసైనవా?" అని అడిగాడు.

"పాసైన! నీ దయతోని పాసైన! చక్కెర లేదట, బీపీ లేదట. డాక్టరమ్మ నన్ను నిలవెట్టి తమాషా చూపిచ్చింది. నా కొడుకు నౌకరిని పప్పుగుత్తితోని మెదిపి గల్లీకి తాగిపిచ్చినవ్ గదనే!"

"మంచిగైంది" అన్నాడు రాజలింగు.

"మంచిగైందా? నీకు సూపు పిచ్చి. నీ నాలికె రుచి కోసం నా ఇల్లు ఆగం చేసినవ్!"

లోపల ఉల్లిగడ్డలు తరుగుతున్న రాజలింగు భార్య రాజక్క కత్తితో సహా బయటికి వచ్చింది.

"ఏమంటివి మల్లన్నా? నాలికె రుచా? గీయన సూపు తాగంగ నువ్వెన్నడన్న చూసినవా?"

మల్లన్న గుర్తు తెచ్చుకున్నాడు. గల్లీ అంతా గుర్తు తెచ్చుకుంది. ఎవరికీ గుర్తు రాలేదు.

"చుక్క తాగడు! ఉడికేటప్పుడు వాసన పడక ముక్కుకు తువ్వాల కట్టుకుంటడు. ఉప్పు సరిపోయిందో లేదో నేను చూడాలె. పెండ్లయిన కాన్నుంచి ఈ మనిషికి కూరగాయంటే పగ. సొరకాయ పెడితే కంచం జరుపుతడు. నేను మొత్తుకొని మొత్తుకొని ఊకున్న!"

"నువ్వు ఊకో రాజీ" అన్నాడు రాజలింగు. ఆయన మొఖం బీట్‌రూట్ రంగుకు వచ్చింది.

"ఊకోను. ఏడాది సంది ఊకున్న."

ఐలవ్వ కట్టె నేలకు కొట్టింది. "నీకే పడనప్పుడు మాకెందుకు తాపిచ్చినవ్‌ర కొడుకా?"

రాజలింగు గరిటెను అటు తిప్పి ఇటు తిప్పి చూసుకున్నాడు. తప్పించుకునే సందు కోసం వెతకడం ఇప్పుడు ఆయన వంతు. దొరకలేదు.

"తమ్మీ, నువ్వు నా భుజం మీద పడ్డనాడు దవాఖానల ఏమన్నవ్? చక్కెర పెరిగిందంటే, 'అన్‌ఫిట్‌కు పనికొస్తది తీ' అని నవ్వినవ్. గసొంటి మనిషికి కూరగాయలు తినుమంటే తింటవా?"

"తిన" అన్నాడు మల్లన్న, నిజాయితీగా.

"నీ ఒక్కనికే తెచ్చిస్తే?"

"నాకేం రోగమని నీ మొఖాన కొడుదు."

"అగో! అందుకే అందరికి తెచ్చిన. అందరి కష్టంల నీ కష్టం కలిసిపోతది గద. ఆ నెల దాటితే నేను రిటైరైతి. మళ్ల బాయిల నీకు కండ్లు తిరిగితే పట్టనీకి పక్కన ఎవడున్నడు? గందుకే ఇంటికాడ్నే పట్టుకున్న."

ముందుగా తేరుకున్నది సక్కుబాయి.

"అంటే... ఒక్క మల్లన్న చక్కెర కోసం గల్లీకి గల్లీ బీట్‌రూట్ తాగిందా భావూ!"

"ఒక్కనాడు నాలుగు దెబ్బల సూపు మీద పడి నా చీర ఖరాబైంది" అని ఎవరో వెనక నుంచి అన్నారు. "నా మొగడు గురకపెట్టుడు బందైంది మరి" అని ఇంకెవరో అన్నారు. మల్లన్నకు ఇవేవీ వినిపించడం లేదు.

"గదంత సరే అన్నా. పోరని నౌకరి?"

"నాకు ఆ నౌకరి వద్దు బాపు."

అన్నది రాకేశ్. బోర్డు ఏమన్నదో తెలుసుకుందామని పెద్దపల్లి నుంచి బండి మీద వచ్చి, ఎప్పటి నుంచో గుంపు వెనక నిలబడి ఉన్నాడు.

"వద్దా? ఎప్పటిసంది వద్దు?"

"దుకాణం పెట్టినకాన్నుంచి. గీ రాజలింగు పెద్దబాపుకు ఎప్పుడో చెప్పిన. 'నీ మాట నీ బాపుకు నువ్వే చెప్పుకో, నేను సూపు ఒక్కటే మోస్త' అన్నడు."

"మరి నాకెందుకు చెప్పలేదుర?"

"ఎట్ల చెప్పాలె బాపు? నువ్వు నా కోసం జిలేబీలు తింటుంటివి."

ఎవరో నవ్వు ఆపుకోలేక దగ్గారు. రాకేశ్ తండ్రి దగ్గరికి వచ్చాడు.

"నువ్వు పడితే పెద్దబాపు పట్టిండు. నేను బాయిల పడితే పట్టెటందుకు గసొంటి దోస్తు నాకు యాడ దొరుకుతడు? నాకు ఫ్రిజ్‌లే మంచిగున్నయ్. బాయి కప్పు కూలితే దారి మూసుకుంటది, ఫ్రిజ్ మీద పడ్డా తలుపు తెరుచుకుంటది."

మల్లన్న కొడుకును చూశాడు, రాజలింగును చూశాడు, ఆకాశాన్ని చూశాడు. బస్సులో వరస పెట్టిన తిట్లలో ఒక్కటీ పనికి వచ్చేట్టు కనబడలేదు. చివరికి, "ఎండకాలం గిరాకీ ఉంటదా?" అన్నాడు.

"ఊపిరాడది బాపు."

"ఊఁ" అన్నాడు మల్లన్న. ఆ దిక్కు తండ్రులు కొడుకుల నిర్ణయాలను అంతకంటే గట్టిగా మెచ్చుకోరు.

ఈలోగా వనజ మెల్లగా వచ్చి, రాజలింగు చేతిలో ఉన్న ఉత్త గిన్నెలో పచ్చిమిరపకాయ వేసి, ఏమీ ఎరగనట్టు పక్కకు తప్పుకుంది.

మర్నాడు సాయంత్రం మూడో గల్లీలో ఒక వింత జరిగింది. దెబ్బలు వినబడలేదు. మొదటి షిఫ్టు వాళ్లు స్నానాలు ముగించి గడపల్లో కూర్చున్నారు. రెండు దెబ్బలు లేవు, మూడు లేవు. చీకటి పడుతున్నకొద్దీ గల్లీకి కాళ్లూ చేతులూ ఆడలేదు. ఏడాదిగా తప్పించుకోవడానికి దారులు వెతికినవాళ్లంతా గిన్నెలు పట్టుకుని రాజలింగు ఇంటి ముందు గుమిగూడారు.

"ఏమైంది భావూ? జరమా?"

"బంద్ చేసిన వదినా. మల్లన్న మంచిగైండు, పని అయిపోయింది. మిమ్ముల ఇంకెందుకు గోస పెట్టాలె?" అన్నాడు రాజలింగు, అరుగు మీద హాయిగా కాళ్లు చాపుకుని. లోపలి నుంచి మటన్ ఉడికే వాసన వస్తోంది.

"నీ పని అయిపోయింది, మాది కాలే!" అంది సక్కుబాయి. "అలవాటు చేసినోడు గిట్ల నడిమిట్ల ఇడిసిపెడతడా? కాయ్ న్యాయం భావూ ఇది?"

"నా పండ్లు మళ్ల మొలుస్తయార, బంద్ చేస్తే?" అని ఐలవ్వ అడిగింది.

రాజలింగు జవాబు చెప్పేలోగా టంగ్, టంగ్, టంగ్ అని మూడు దెబ్బలు మోగాయి. అందరూ తిరిగి చూశారు. పక్కింటి గేటు తీసుకుని మల్లన్న వస్తున్నాడు. ఎడమ చేతిలో పాల క్యాను, కుడి చేతిలో గరిటె. చొక్కా నిండా పసుపు మరకలు, నుదుటి మీద కోతిమీర ఆకు. వనజ వెనకాలే వస్తూ, "ఒక్కడే చేసిండు, నన్ను పొయ్యికాడికి రానియ్యలే. నన్ను తిట్టకున్రి" అని ముందే చెప్పేసింది.

మల్లన్న ఎవరి గిన్నె వంకా చూడకుండా నేరుగా అరుగు దగ్గరికి వచ్చాడు.

"సూపు తాగినవా అన్నా?"

రాజలింగు కాళ్లు ముడుచుకున్నాడు. "నేను... వండెటోడు అందరైనంక..."

"ఇయ్యాల వండెటోన్ని నేను. నువ్వు గల్లీవాళ్లల్ల ఒకనివి. తాగు."

"తమ్మీ, లోపల రాజీ మటన్..."

"తిను తిను, నేను వద్దంటనా? ముందుగాల ఇంత బీరకాయ సూపు తాగు. ఉత్త కడుపున మటన్ తింటే మండుతది."

రాజక్క లోపలి నుంచి పెద్ద గిన్నె తెచ్చి ఇచ్చింది. చిన్నది అడిగితే లేదంది. మల్లన్న అంచుదాకా పోశాడు. రాజలింగు గల్లీ మొత్తాన్ని ఒకసారి దీనంగా చూసి, కళ్లు మూసుకుని, ముక్కు పట్టుకుని, గుటుక్కుమని తాగాడు. ఆయన మొఖంలో ఏడాది సూపులన్నీ ఒక్కసారిగా కనబడ్డాయి.

"ఉప్పెయ్యలే" అన్నాడు, మూతి తుడుచుకుంటూ.

"ఎయ్యలే. బీపీకి మంచిది గాదట. డాక్టరమ్మ చెప్పింది." మల్లన్న రెండోసారి పోయడానికి గరిటె ముంచాడు.

రాజలింగు చటుక్కున ఆ గరిటె లాక్కున్నాడు. క్యాను మీద గట్టిగా ఒక్కటే ఒక్క దెబ్బ కొట్టాడు. టంగ్!

ఆ గంట అర్థం తెలియని బాయిమనిషి ఆ గల్లీలో లేడు. అందరికంటే బాగా తెలిసినవాడు మల్లన్న. ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "ఏమన్నవన్నా? వినబడలే" అని, క్యానునే వంచి గిన్నె నింపాడు.